లోటు తేల్చకుండా మాత్ర ఎందుకు?

అరవై దాటినవారి మందుల డబ్బాలో ఇప్పుడు రెండు రకాల సరుకు ఉంటోంది. బీపీ, షుగరు, కొలెస్టరాల్ మాత్రలు ఒక వైపు. రెండో వైపు గుండెకని చేపనూనె క్యాప్సూల్స్, నీరసానికని మల్టీవిటమిన్, నరాలకని బీ కాంప్లెక్సు, ఎముకలకని కాల్షియం, వారానికోసారి వేసుకునే 60,000 యూనిట్ల డి విటమిన్, ఈమధ్య కొత్తగా కోఎంజైమ్ క్యూ10. వీటిలో కొన్ని డాక్టరు రాసినవి, కొన్ని మందులషాపులో అడిగి తెచ్చుకున్నవి, కొన్ని అమెరికా నుంచి పిల్లలు పంపినవి. మొదటి రకం ఎందుకు వేసుకుంటున్నారో చాలామంది చెప్పగలరు. రెండో రకం గురించి అడిగితే గట్టి కారణం దొరకడం కష్టం. అలాగని ఈ విషయంలో పరిశోధనకు కొదవేమీ లేదు. గత ముప్పై ఏళ్లలో లక్షలమందిపై పరీక్షలు జరిగాయి, ఒక్కో మాత్ర మీదా వేలమందిని ఏళ్ల తరబడి గమనించారు. ఆ ఫలితాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే తేలేది ఇదీ: ఒంట్లో నిజంగా కొరవడినదాన్ని ఇచ్చినప్పుడు సప్లిమెంటు మందులా పనిచేస్తుంది. కొరత లేనిచోట దానివల్ల గుండెకు గానీ ఓపికకు గానీ ఒరిగేది చాలా తక్కువ, ఒక్కోసారి చేటు కూడా. అందుకే ఏ మాత్ర మంచిదో అడిగేముందు ఏది లోపించిందో తేల్చుకోవాలి.

విటమిన్ల మీద జనానికి ఉన్న నమ్మకం ఊరికే పుట్టింది కాదు. దాని మూలాలు కొంతవరకు తెలుగు నేలలోనే ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి జబ్బు ప్రధానంగా ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే కోస్తాంధ్రలో, కనిపించేది. కాళ్లు నీరుపట్టి, ఆయాసం ముదిరి, గుండె చేతులెత్తేసి మనుషులు చనిపోయేవారు. ఇక్కడివారు తినేది మరపట్టి తెల్లగా పాలిష్ చేసిన పచ్చిబియ్యం. తవుడుతోపాటే థయమిన్ అనే బి1 విటమిన్ కూడా పోయేది. ఉప్పుడుబియ్యం తినే ప్రాంతాల్లో వడ్లు ఉడికించేటప్పుడే ఆ విటమిన్ గింజ లోపలికి దిగుతుంది కనుక జబ్బు అరుదు. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనే విస్తరించి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది. థయమిన్ లేక వాచిపోయిన గుండె ఆ విటమిన్ అందగానే రోజుల్లో తేరుకుంటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించి, కండరం శక్తిని ఎక్కడ దాచుకుంటుందో లోకానికి చెప్పారు. 1940ల్లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేయడంతో ఒక రకం రక్తహీనతకు చికిత్స దొరికింది. ఈ చికిత్సల విజయం వెనక ఒక షరతు ఉంది: రోగి ఒంట్లో ఆ పదార్థం లోపించి ఉండడం. తర్వాత పుట్టిన సప్లిమెంట్ల వ్యాపారం ఆ విజయాల పేరు వాడుకుంటూ షరతును మాత్రం వదిలేసింది.

షరతు వదిలేస్తే ఏమవుతుందో ఫోలిక్ యాసిడ్ కథే చెబుతుంది. రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం ఎక్కువగా ఉన్నవారికి గుండెపోట్లు ఎక్కువగా వస్తున్నాయని గమనించారు. ఫోలిక్ యాసిడ్, బి12 ఇస్తే హోమోసిస్టీన్ తగ్గుతుంది. కాబట్టి గుండెపోట్లూ తగ్గాలన్నది వినడానికి ఎంతో సబబుగా ఉన్న తర్కం. నార్వేలో గుండెపోటు వచ్చి కోలుకున్న 3,749 మందిపై దీన్ని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. హోమోసిస్టీన్ 27 శాతం తగ్గింది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. ల్యాబ్ రిపోర్టులో అంకె దిగడం, మనిషికి మేలు జరగడం ఒకటి కాదని అక్కడ స్పష్టమైంది. అయితే 2015లో చైనా నుంచి వేరే ఫలితం వచ్చింది. బీపీ ఉన్న 20,702 మందికి బీపీ మాత్రతోపాటు 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే, బీపీ మాత్ర ఒక్కటే వేసుకున్నవారికన్నా పక్షవాతం 21 శాతం తక్కువగా వచ్చింది. అక్కడ పిండిలో ఫోలిక్ యాసిడ్ కలిపే పద్ధతి లేదు. రక్తంలో ఫోలేట్ తక్కువగా ఉన్నవారికే ఎక్కువ మేలు జరిగింది. పైకి ఈ రెండు పరీక్షలూ ఒకదాన్నొకటి ఖండించినట్టు ఉంటాయి గానీ, లోటు అన్న కొలబద్ద పెట్టి చూస్తే రెండూ ఒకే మాట చెబుతున్నాయి.

ఇ విటమిన్, బీటాకెరోటిన్ వంటి యాంటీఆక్సిడెంట్ల అనుభవం ఇంకా చేదుగా ఉంది. 1996లో కేంబ్రిడ్జిలో రెండువేల మంది గుండెజబ్బు రోగులపై జరిగిన పరీక్షలో ఇ విటమిన్ గుండెపోట్లను బాగా తగ్గించినట్టు కనిపించింది. ఆ ఉత్సాహంలో 55 దాటిన 9,541 మందితో హోప్ పరీక్ష చేశారు. 2000లో వెలువడిన ఫలితంలో ఏ మేలూ లేదు. అదే రోగులను ఇంకొన్నేళ్లు గమనిస్తే, ఇ విటమిన్ తీసుకున్నవారిలో గుండె వైఫల్యం పెరిగినట్టు 2005లో తేలింది. క్యారెట్‌లో ఉండే బీటాకెరోటిన్‌ను మాత్రగా చేసి ఫిన్లండ్‌లో పొగతాగే 29,133 మంది మగవారిపై పరీక్షిస్తే, 1994లో వచ్చిన ఫలితం చూసి పరిశోధకులే నివ్వెరపోయారు. ఆ మాత్ర వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. కూరగాయలు ఎక్కువ తినేవారు ఆరోగ్యంగా ఉంటారన్నది నిజమే. వాటిలోంచి ఒక్క పదార్థాన్ని లాగి పెద్ద మోతాదులో మింగితే అదే ఆరోగ్యం వస్తుందన్నది మాత్రం ఊహ. అమెరికా ప్రభుత్వ నివారణ వైద్య నిపుణుల సంఘం 2022లో గుండెజబ్బు నివారణకు ఇ విటమిన్, బీటాకెరోటిన్ వద్దని సూటిగానే చెప్పింది. మల్టీవిటమిన్ విషయంలో మాత్రం, మేలో కీడో తేల్చేంత ఆధారం లేదని ఊరుకుంది.

గుండెకోసం అమ్ముతున్నవాటిలో ఎక్కువ ఆలోచించి తీర్పు చెప్పాల్సినది చేపనూనె. 1999లో ఇటలీలో గుండెపోటు వచ్చిన 11,324 మందిపై చేసిన పరీక్షలో, చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వును రోజుకు గ్రాములోపు తీసుకున్నవారిలో మరణాలు తగ్గాయి. అప్పటికి కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ల వాడకం ఇంకా అంతగా పెరగలేదు. నేటి చికిత్సల కాలంలో అదే మోతాదును మళ్లీ పరీక్షిస్తే మేలు కనిపించలేదు. 2018లో బ్రిటన్‌లో 15,480 మంది షుగరు రోగుల్లోనూ, అమెరికాలో యాభై దాటిన 25,871 మంది మామూలు మనుషుల్లోనూ ఫలితం ఒకటే: గుండెజబ్బులు, పక్షవాతం కలిపి లెక్కిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ అమెరికా పరీక్షలోనే, చేపలు అరుదుగా తినేవారిని విడిగా చూస్తే కొంత మేలు కనిపించింది. ఇలా విడదీసి చూసిన లెక్కలను తుదితీర్పుగా తీసుకోకూడదు గానీ, అవి కూడా లోటు వైపే వేలు చూపిస్తున్నాయి. ఇక 2018లోనే రెడ్యూస్-ఇట్ అనే పరీక్ష వచ్చింది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు ఎక్కువగా ఉండి, అప్పటికే స్టాటిన్ వాడుతున్న 8,179 మందికి శుద్ధిచేసిన ఇపిఎ అనే ఒమేగా-3ను రోజుకు 4 గ్రాములు ఇస్తే గుండె సంబంధిత ఘటనలు 25 శాతం తగ్గాయి. చేపనూనె పనిచేయదనేవారికి ఇదే గట్టి జవాబని చాలామంది అంటారు. రెండేళ్లకు అదే 4 గ్రాముల మోతాదులో, ఇపిఎ, డిహెచ్ఎ అనే రెండు ఒమేగా-3లూ కలిసిన మరో మందును 13,078 మందిపై పరీక్షించిన స్ట్రెంత్ అనే పరీక్షలో ఏ మేలూ లేదని తేలింది. రెడ్యూస్-ఇట్‌లో పోల్చడానికి ఇచ్చిన మినరల్ ఆయిలే ఆ గుంపుకు కాస్త కీడు చేసి, మందు మెరుగ్గా కనబడేలా చేసిందా అన్న వాదన ఇంకా తెగలేదు.

ఆ వాదన ఎటు తెగినా, షాపులో దొరికే సీసాకు దానితో పెద్ద సంబంధం లేదు. సీసా ముందువైపు పెద్దక్షరాల్లో వెయ్యి మిల్లీగ్రాములని ఉంటుంది. వెనకవైపు సన్నక్షరాలు చదివితే, సాధారణంగా అందులో ఇపిఎ 180, డిహెచ్ఎ 120 మిల్లీగ్రాములే ఉంటాయి. మిగిలినదంతా ఇతర కొవ్వు. రెడ్యూస్-ఇట్‌లో ఇచ్చిన ఇపిఎ ఈ క్యాప్సూల్స్ ద్వారా అందాలంటే రోజుకు ఇరవైకి పైగా మింగాలి. ఆ పని చేస్తే మరో చిక్కు వస్తుంది. ఒమేగా-3 మోతాదు గ్రాము దాటేకొద్దీ గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముప్పు పెరుగుతోందని పరీక్షలన్నీ కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. పెద్దవారిలో పక్షవాతానికి దారితీసే కారణాల్లో అదొకటి. వారానికి రెండుసార్లు కానాగంతలో కవళ్ళో తినేవారికి క్యాప్సూల్ అక్కర్లేదు. ట్రైగ్లిజరైడ్లు మరీ ఎక్కువున్నవారికి పెద్ద మోతాదు ఇవ్వాలా వద్దా అన్నది కార్డియాలజిస్టు తేల్చాల్సిన వైద్యం.

డి విటమిన్ విషయంలోనూ ఇదే వరస. మన దేశంలో ఎండకు కొదవ లేకపోయినా లోపం విస్తారంగా ఉంది. లోపం బాగా ఉన్నవారికి ఎముకల కోసం, కండరాల కోసం ఇవ్వడం సరైన వైద్యమే. దాన్ని గుండెకు రక్ష అనుకుని కోర్సు అయ్యాక కూడా ఏళ్ల తరబడి కొనసాగించడంతోనే పేచీ. ఆస్ట్రేలియాలో 60 దాటిన 21,315 మందికి నెలకు 60,000 యూనిట్ల చొప్పున అయిదేళ్లు ఇస్తే మరణాలు తగ్గలేదు. అదే దేశంలో డెబ్బై దాటిన 2,256 మంది స్త్రీలకు ఏడాది మోతాదంతా ఒకేసారి, 5 లక్షల యూనిట్లు ఇచ్చిన పరీక్షలో, ఆ విటమిన్ తీసుకున్నవారే ఎక్కువసార్లు కిందపడ్డారు, ఎముకలూ ఎక్కువగా విరిగాయి. 2010లో ఆ ఫలితం వచ్చాక, ఎక్కువ ఇస్తే ఎక్కువ బలం అన్న మాట అనడానికి ఎవరికీ నోరు రాకూడదు. నిండిన కుండలో నీళ్లు పోస్తే నేలే తడుస్తుంది.

ఇక ఓపిక సంగతి. క్యూ10 అమ్మేవారు చెప్పే శాస్త్రం తప్పు కాదు. 1957లో విస్కాన్సిన్‌లో ఫ్రెడరిక్ క్రేన్ ఎద్దు గుండె కణాల్లో కనుగొన్న ఈ పదార్థం మైటోకాండ్రియాలో శక్తి తయారీకి అవసరం. స్టాటిన్లు రక్తంలో దీని పాళ్లు తగ్గిస్తాయన్నదీ నిజమే. గుండె వైఫల్యం ఉన్న 420 మందిపై చేసిన పరీక్షలో, రెండేళ్లలో గుండె సంబంధిత పెద్ద ఘటనలు 26 శాతం నుంచి 15 శాతానికి తగ్గాయని 2014లో ప్రకటించారు. స్వీడన్‌లో 70 నుంచి 88 ఏళ్ల 443 మందికి సెలీనియంతో కలిపి నాలుగేళ్లు ఇస్తే గుండెజబ్బు మరణాలు దాదాపు సగమయ్యాయి. ఇవి కొట్టిపారేయాల్సిన ఫలితాలు కావు, కానీ వీటిమీద భవనం కట్టేయకూడదు. స్వీడన్ పరీక్షలో రెండు గుంపులూ కలిపి గుండెజబ్బుతో పోయినవారు నలభై పైచిలుకు మందే. అక్కడి నేలలో సెలీనియం తక్కువ కనుక అక్కడి మనుషుల్లో అది ముందే లోపించి ఉంది.  స్టాటిన్ వల్ల ఒళ్లునొప్పులని క్యూ10 కొనేవారు 2020లో లండన్ నుంచి వచ్చిన చిన్న పరీక్ష గురించి తెలుసుకోవాలి. దుష్ప్రభావాలని స్టాటిన్ మానేసిన 60 మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏదీ లేకుండా మార్చిమార్చి ఇచ్చారు. స్టాటిన్‌తో కలిగిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ కలిగింది. బాధ అబద్ధం కాదు, దాని కారణం మాత్రం అనుకున్నది కాదు.

పెద్దవయసు నీరసానికి శక్తిమాత్ర వెతకడంలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది: నీరసం ఒక జబ్బు కాదు, ఎన్నో జబ్బుల లక్షణం. వయసుతో కడుపులో ఆమ్లం తగ్గితే ఆహారంలోని బి12 సరిగా ఒంటబట్టదు. దానికితోడు షుగరుకు ఏళ్లతరబడి మెట్‌ఫార్మిన్, పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర పేరుతో పాంటోప్రజోల్ వాడేవారిలో, అందులోనూ శాకాహారులలో, బి12 లోపం సులభంగా వస్తుంది. కాళ్ల తిమ్మిర్లను షుగరు ఖాతాలో వేసి, అలసటను వయసు ఖాతాలో వేసి ఊరుకుంటారు. వీరికి బి12 ఇస్తే నిజంగానే ప్రాణం లేచొస్తుంది. ఇది సప్లిమెంట్ల వాదానికి అనుకూలమైన ఉదాహరణే. కానీ పరీక్ష చేయించకుండా ఫోలిక్ యాసిడ్ ఎక్కువున్న మాత్ర మింగితే రక్తహీనత సర్దుకుని, నరాల నష్టం లోలోపల సాగిపోయే ముప్పుంది. ఐరన్ మాటా అంతే. పెద్దాయనకు రక్తం తగ్గిందంటే పేగులో పుండో గడ్డో ఉండి రక్తం కారుతోందేమో చూడాలి. టానిక్కుతో హిమోగ్లోబిన్ పెరిగితే ఆ గడ్డ ఆర్నెల్లు ఎవరికంటా పడకుండా పెరుగుతుంది. గుండె వైఫల్యంలో ఐరన్ లోపం ఉన్నవారికి రక్తనాళం ద్వారా ఐరన్ ఎక్కిస్తే ఆయాసం, అలసట తగ్గాయని 2009లో తేలింది. అలాంటి 225 మందికే మాత్రల రూపంలో ఇస్తే వ్యాయామశక్తి పెరగలేదని 2017లో తేలింది. లోటు ఉందని తెలిసినా, దాన్ని ఏ దారిలో పూడ్చాలన్నది మరో ప్రశ్న. థైరాయిడ్, నిద్రలేమి, డిప్రెషన్, బీపీకి వాడే కొన్ని మందులు కూడా మనిషిని నీరసపరుస్తాయి. ఆడవారిలో, షుగరు ఉన్నవారిలో ఒక్కోసారి గుండెజబ్బు ఛాతీనొప్పి లేకుండా ఆయాసం, అలసటగానే బయటపడుతుంది. అలాంటప్పుడు శక్తి క్యాప్సూల్‌తో గడిపిన నెల చాలా ఖరీదైన నెల.

ఏ జబ్బూ లేని నీరసం మాటేమిటి? 1994లో బోస్టన్ వృద్ధాశ్రమంలో వంద మందిపై చేసిన పరీక్ష దీనికి జవాబు చెబుతుంది. వారి సగటు వయసు 87. కొందరికి పోషక పానీయం, కొందరికి పది వారాలపాటు కాళ్లకు బరువులతో వ్యాయామం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. వ్యాయామం చేసినవారి కండబలం రెట్టింపు దాటింది, నడక వేగం పెరిగింది, మెట్లెక్కే సత్తువ వచ్చింది. ఒట్టి పానీయం తాగినవారి బలహీనత ఎక్కడిదక్కడే ఉంది. ఎనభై ఏడేళ్ల ఒంటికి లోపించింది డబ్బాలోని పొడి కాదని, కండరానికి పని అని తేలిపోయింది. తిండి చాలనివారికి తిండి, ప్రోటీన్ చాలనివారికి పప్పు, పెరుగు, గుడ్డు అవసరమే. జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024లో ఇచ్చిన 17 మార్గదర్శకాల్లో ప్రోటీన్ పొడులను దూరం పెట్టమంది.

మూలికలదీ ఇదే సమస్య. తెల్లమద్ది బెరడుకు ఆయుర్వేదంలో గుండెమందుగా పేరుంది. దానిపై జరిగినవన్నీ చిన్న పరీక్షలు, ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. 2022లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 190 మందికి 28 రోజులపాటు 5 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్, ఉత్తుత్తి మాత్ర, చేపనూనె, దాల్చినచెక్క, వెల్లుల్లి, పసుపు, ప్లాంట్ స్టెరాల్స్, రెడ్ ఈస్ట్ రైస్ విడివిడిగా ఇచ్చారు. రోసువాస్టాటిన్ చెడు కొలెస్టరాల్‌ను 38 శాతం తగ్గించింది. మిగిలినవేవీ ఉత్తుత్తి మాత్రను మించలేదు. రెడ్ ఈస్ట్ రైస్‌లో పనిచేసే పదార్థం లోవాస్టాటిన్‌తో సమానం. అంటే సహజం పేరుతో అమ్మేది మోతాదు తెలియని స్టాటిన్. 2024లో జపాన్‌లో కొబయాషి సంస్థ అమ్మిన ఇలాంటి సప్లిమెంటు వల్ల ఎందరికో కిడ్నీలు దెబ్బతిన్నాయి, మరణాలపై విచారణ సాగింది. తయారుచేసేటప్పుడు అందులో వేరే బూజు కలిసిందని తేలింది.

ఈ వాదానికి వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికన్నా బలమైనది ఇది: ఈ పరీక్షలు ఎక్కువగా కడుపునిండా తినే పాశ్చాత్యులపై జరిగాయి, లోపాలు విస్తారంగా ఉన్న మనకు ఆ ఫలితాలు ఎలా వర్తిస్తాయి? ప్రశ్న న్యాయమైనదే. కానీ అది లోటు కొలవమన్న వాదాన్నే బలపరుస్తుంది. బి12, హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు జిల్లా కేంద్రాల్లో కూడా జరుగుతున్నాయి. ఒకసారి చేయించే పరీక్షకు డబ్బు లేదని అనేవారే ఏళ్ల తరబడి మాత్రల ఖర్చు భరిస్తున్నారు. రెండో అభ్యంతరం, మేలు లేకపోయినా కీడు లేదు కదా అని. కీడు ఎలా వస్తుందో పైన చూశాం. దానికి తోడు, జుట్టు కోసం వేసుకునే పెద్ద మోతాదు బయోటిన్ గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షలో అంకెను తప్పుగా తగ్గించి చూపగలదని 2017లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటి మందులు వాడేవారు కె విటమిన్ ఉన్న మాత్ర మింగితే రక్తం గడ్డకట్టకుండా చేసే పని కుంటుపడుతుంది. మూడోది, మల్టీవిటమిన్ వల్ల పెద్దవారిలో జ్ఞాపకశక్తి కొంచెం మెరుగైందని ఈమధ్య అమెరికా పరీక్షలు చెప్పడం. అది నిజమే, ఆసక్తికరమైనదే. కానీ ఆ ఫలితం జ్ఞాపకశక్తి గురించి. గుండె విషయంలో 14,641 మంది డాక్టర్లను పదకొండేళ్లు గమనించినా మల్టీవిటమిన్ ఏమీ చేయలేకపోయింది. నాలుగోది, వేసుకున్నాక హుషారుగా ఉంది అన్న అనుభవం. ఆ హుషారు నిజమే కావచ్చు. కానీ ఉత్తుత్తి మాత్ర నొప్పి పుట్టించగలిగినట్టే హుషారూ పుట్టించగలదు. అందుకే అనుభవం ఒక్కటే సాక్ష్యంగా సరిపోదు.

చట్టం మనల్ని కాపాడుతుందనుకోవడం కూడా పొరపాటు. అమెరికాలో 1994 చట్టం ప్రకారం సప్లిమెంటు అమ్మేముందు అది పనిచేస్తుందని రుజువు చూపనక్కర్లేదు. కాబట్టి అక్కడినుంచి వచ్చిన సీసాకు ఇక్కడ దొరికేదానికన్నా ఎక్కువ రుజువేమీ ఉండదు. మన దేశంలో 2016 నిబంధనల కింద ఇవి ఆహార భద్రతా ప్రాధికార సంస్థ పరిధిలోకి వస్తాయి, అంటే ఆహారంగానే లెక్క. మందుగా వాడకూడదని డబ్బామీద ముద్రించి తీరాలి. ఆ వాక్యం ఉన్న డబ్బాను మందుగానే కొంటున్నాం.

గుండెకోసం నిజంగా ఏదైనా మార్చాలనుకుంటే, రుజువున్న మార్పు వంటగదిలో ఉంది. చైనాలో 600 పల్లెల్లో, పక్షవాతం వచ్చినవారు, అరవై దాటి బీపీ ఉన్నవారు కలిసి 20,995 మందిపై చేసిన పరీక్షలో సగం పల్లెలవారికి మామూలు ఉప్పు బదులు నాలుగోవంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తగ్గాయని 2021లో ప్రకటించారు. ఊరగాయలు, అప్పడాలు, వడియాలతో ఉప్పు దండిగా తినే తెలుగు ఇళ్లలోనూ ఎక్కువైంది సోడియం, తక్కువైంది పొటాషియం. కిడ్నీ జబ్బు ఉన్నవారు, కొన్ని బీపీ, గుండె మందులు వాడేవారు మాత్రం డాక్టరును అడక్కుండా ఆ ఉప్పు ముట్టకూడదు. ఇక్కడా మళ్లీ ఎవరికి ఏ లోటు, ఎవరికి ఏ ముప్పు అన్న లెక్కే. కాబట్టి ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు డబ్బాలోని సప్లిమెంట్లన్నీ పట్టుకెళ్లి, ఒక్కొక్కటి చూపించి, ఇది ఏ లోటుకు, ఆ లోటు ఏ పరీక్షలో తేలింది, ఎప్పుడు ఆపాలి అని అడగాలి. మూడింటికీ జవాబు ఉన్నది ఉంచుకోవాలి, లేనిది మానేయాలి.